తాతగారి పెళ్ళి, పిల్లల పిలుపు



భార్య పోయి నాలుగేళ్ళయిన ఒక పెద్దాయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటానన్నారు. కొడుకు రెండు రోజులు మాట్లాడలేదు. కూతురు ఫోన్లో ఏడ్చింది. చుట్టాలు తలో మాటా అన్నారు. తర్వాత మెల్లగా అందరూ సర్దుకున్నారు. ఆవిడకూ అరవై దాటాయి. ఆవిడకూ తోడు లేదు. ఇద్దరికీ మాట కలిసింది. మంచిదే కదా అనుకున్నారు. చీర ఎవరు కొనాలి, భోజనాలు ఇంట్లోనా హోటల్లోనా, అన్నీ తేలిపోయాయి. ఒక్కటి మాత్రం తేలలేదు. ఇంట్లో మనవలున్నారు. వాళ్ళు ఆవిడను ఏమని పిలవాలి?

ఇవాళ ఈ ఒక్క సంగతే మాట్లాడుకుందాం. నవ్వుకోకండి. రోజుకు పది ఇరవై సార్లు నోటివెంట రావలసిన మాట ఇది. ఆ మాట దొరక్క, ఏళ్ళ తరబడి ‘ఇదిగో’, ‘చూడండి’ అంటూ నెట్టుకొస్తున్న ఇళ్ళున్నాయి.

ఇలాంటి పెళ్ళిళ్ళు మనవాళ్ళలో ఉంటాయా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఉంటాయండీ. హైదరాబాదులో ‘తోడు నీడ’ అనే సంస్థ ఉంది. ఎన్.ఎం. రాజేశ్వరిగారు 2010లో మొదలుపెట్టారు. పెద్ద వయసులో ఒంటరిగా మిగిలిన వాళ్ళకు సంబంధాలు చూడడమే దాని పని. మన ఊరి సంగతికొస్తే, ఇక్కడ మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయమ్మగారు ఉన్నారు కదా. ఆవిడ 1953 జనవరిలో చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. అప్పుడు ఆవిడకు 43 ఏళ్ళు. ఆయనకు 57. ఆయన కేంద్ర ఆర్థిక మంత్రి. మొదటి భార్య పోయారు, ఒక కూతురుంది. సాక్షి సంతకం పెట్టినవారు ప్రధానమంత్రి నెహ్రూగారు. డెబ్భై ఏళ్ళ కిందటి మాట ఇది. ఇక 1993లో ఎన్.టి. రామారావుగారి పెళ్ళి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఆయన తాతగారే. ఆ కథలోకి వెళ్తే మనకిచ్చిన సమయం చాలదు, వదిలేద్దాం.

ఇంకా వెనక్కి వెళ్తే వీరేశలింగం పంతులుగారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాటి పోరాటం పసితనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లల కోసం.  ఆ పిల్లల కోసం ఆయన తెరిచిన తలుపులోంచి ఇవాళ మామ్మలూ తాతయ్యలూ కూడా వస్తున్నారు. రానివ్వండి.

సరే, పిలుపు సంగతి.

ముందుగా నోటికొచ్చేది ‘ఆంటీ’. చెన్నైలో ఇది అన్నిటికీ పనికొచ్చే మాట. పక్కింటావిడ ఆంటీ. ట్యూషన్ చెప్పే ఆవిడ ఆంటీ. అపార్టుమెంటు సెక్రటరీ ఆంటీ. మరి తాతయ్యకు బీపీ మాత్ర గుర్తుచేసి, మనవడికి రాత్రి పెరుగన్నం కలిపిపెట్టే మనిషి కూడా ఆంటీయేనా? నాకైతే ఈ మాట నచ్చదు. అందులో మర్యాద లేదని కాదు, వరస లేదు. ఇంట్లో ఉండే మనిషికి వరస ఉండాలి.

వరస అంటే మనకెంత ఇష్టమో మీకు తెలుసు. సెంట్రల్ స్టేషన్లో రైలెక్కి గూడూరు దాటేలోగా ఎదురు సీటావిడ మనకు పిన్నో వదినో అయిపోతుంది. అంత సులువుగా వరస కలిపేవాళ్ళం, ఇంట్లోకొచ్చిన మనిషి దగ్గర మాత్రం ఎందుకు ఆగిపోతాం?

ఎందుకో చెబుతాను. ఒక చిన్న విషయం గమనించండి. ఇదే పెళ్ళి అటువైపు నుంచి చూడండి. ఆవిడకూ మనవలుంటారు. వాళ్ళు మన పెద్దాయనను ఏమని పిలుస్తారు? తాతయ్య అంటారు. అంతే. పెద్ద చర్చ ఏమీ ఉండదు. ఎందుకంటే చాలా ఇళ్ళలో అమ్మ వాళ్ళ నాన్నయినా తాతయ్యే, నాన్న వాళ్ళ నాన్నయినా తాతయ్యే. ఎదురింటి ముసలాయన కూడా తాతయ్యే. ఆ మాట ఎవరి సొంతమూ కాదు.

ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి అలా కాదు. అమ్మమ్మ. నాయనమ్మ. ఈ రెండు మాటల్లోనూ తల్లో తండ్రో కూర్చుని ఉన్నారు. అమ్మకు అమ్మ అయితే అమ్మమ్మ. నాయనకు అమ్మ అయితే నాయనమ్మ. కాబట్టి కొత్తగా వచ్చిన ఆవిడను పిల్లాడు ‘నాయనమ్మా’ అని పిలిచాడంటే, ఆ మాట పిల్లాడి నోట్లోంచి వచ్చినా, నాన్న తరఫున ఒక సంతకం పడిపోయినట్టే. ‘ఈవిడ మా నాన్నకు అమ్మ’ అని. నాన్న ఇంకా ఆ మాట అనలేదు. మనసులో కూడా అనుకోలేదు. అందుకే అక్కడ గుచ్చుకుంటుంది.

ఇదీ అసలు చిక్కు. దీన్నుంచే నేను చెప్పదలచుకున్న మాట వస్తుంది. పిల్లలు ఏమని పిలవాలి అని ముందు అడగకండి. మీరు ఏమని పిలుస్తారో ముందు తేల్చుకోండి. కొడుకు, కూతురు, కోడలు, అల్లుడు. మీ పిలుపు తేలితే పిల్లల పిలుపు దానంతటదే తేలుతుంది. మరోసారి చెబుతున్నాను. ముందు పెద్దల పిలుపు. తర్వాతే పిల్లల పిలుపు.

మన పాత ఇళ్ళలో దీనికో దారి ఉండేది. తండ్రి రెండో పెళ్ళి చేసుకుంటే ఆవిడను పిల్లలు ‘పిన్ని’ అనేవాళ్ళు. పినతల్లి అనేవాళ్ళు. రామాయణం చెప్పే పౌరాణికులు కూడా రాముడికి కైకను పినతల్లి అనే అంటారు. అంత పని చేసినా ఆ వరస మాత్రం తీసెయ్యలేదు! పిన్ని అంటే అమ్మ తర్వాత అమ్మ. అమ్మ స్థానం అమ్మదే. ఈవిడది పక్క స్థానం. ఎవరినీ తీసివెయ్యలేదు, ఎవరినీ బయట నిలబెట్టలేదు. నలభై అయిదేళ్ళ కొడుకు కూడా, కాస్త గొంతు సవరించుకుని, ‘పిన్నీ, కాఫీ తాగారా?’ అని అడగవచ్చు. అనగలిగిన మాట అది.

ఇక్కడొక తమాషా చూడండి. కోడలికి ఈ ఇబ్బంది ఉండదు. అత్తయ్య అన్న మాట మనకు చాలామందికి చెల్లుతుంది. మేనత్త అత్తయ్య, మేనమామ భార్య అత్తయ్య, భర్త తల్లి అత్తయ్య. ఇంకో అత్తయ్య వస్తే ఏం? రెండో రోజుకే పిలిచేస్తుంది. కొడుక్కి ఒక నెల పడుతుంది. కూతురికి ఇంకా ఎక్కువ పడుతుంది. పడనివ్వండి. వాళ్ళమ్మ చీరలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

నాన్న ‘పిన్ని’ అన్నాడనుకోండి. పిల్లలకు ‘చిన్న నాయనమ్మ’ వచ్చేసినట్టే. ‘చిన్న బామ్మ’ వచ్చేసినట్టే. అమ్మ తరఫున అయితే ‘చిన్నమ్మమ్మ’. చిన్నమ్మమ్మ అంటే అమ్మమ్మ చెల్లెలు కదా అంటారేమో. అవును. ఇంట్లో నిజంగానే అమ్మమ్మ చెల్లెలు ఒకావిడ ఉంటే తికమకే. అప్పుడు ఊరి పేరు పెట్టండి. అది మన పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. నెల్లూరు అమ్మమ్మ, పెరంబూరు తాతయ్య, టీనగర్ బామ్మ, మేడమీద మామ్మ. ఏ తెలుగింట్లో లేరు వీళ్ళు? ముందు చిన్న ఆనవాలొకటి తగిలిస్తే చాలు, పాత మాటను ఎవరి దగ్గరా లాక్కోనక్కర్లేదు.

పాత మాట అంటే గుర్తొచ్చింది. పోయినావిడ పిలుపును వచ్చినావిడకు ఇవ్వకండి. మీరు రంగనాథన్ వీధిలో స్టీలు గిన్నెలు కొంటే పేరు చెక్కి ఇస్తారు కదా. పెద్దావిడ పేరు చెక్కిన గ్లాసు ఇంట్లో ఉంటుంది. ఆ పేరు గీకేసి కొత్తావిడకు అందులో కాఫీ పోస్తామా? ఇంకో గ్లాసు కొంటాం. పిలుపూ అంతే. గోడ మీద ఫోటోలో ఉన్నావిడను పిల్లలు ‘బామ్మ’ అనేవాళ్ళనుకోండి, ఆ మాట ఆవిడకే ఉండనివ్వండి.

రెండేళ్ళ చంటిదానికి ఆ బామ్మ గుర్తు లేదు, అది కొత్తావిడను బామ్మ అంటే తప్పేముంది అంటారు కొందరు. చంటిదానికి తప్పు లేదు. కానీ దాని పక్కన పద్నాలుగేళ్ళ అక్క ఉంటుంది. బామ్మ చేత జడ వేయించుకున్న పిల్ల. ఆ మాట వినగానే లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. ఆ పిల్లను కోప్పడితే లాభం లేదు. ఒకే ఇంట్లో అక్కకూ చెల్లికీ సరిపడే మాట వెతకాలి.

వెతికితే మనకు మాటలు తక్కువా? చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళం ఒక్క జిల్లా నుంచి రాలేదు. కోస్తా ఇళ్ళలో మామ్మ, బామ్మ. రాయలసీమ ఇళ్ళలో అవ్వ, జేజి. కొత్తావిడ చిత్తూరు వైపు మనిషైతే ‘అవ్వ’ అనిపించుకోవడం ఆవిడకు పుట్టింటి మాట విన్నట్టుంటుంది. మీ ఇంట్లో ఆ మాటకు అంతకు ముందు ఎవరూ లేరు. అంటే ఖాళీగా ఉన్న మాట. అవ్వ, జేజి, మామ్మ – వీటిలో ఇంకో సుఖం కూడా ఉంది. అమ్మమ్మ, నాయనమ్మల్లో లాగా వీటిలో తల్లీ తండ్రీ కనిపించరు. కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు. ఇక ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలకు తమిళ ‘పాటి’ కూడా సొంత మాటే. పక్కింటి పాటి దగ్గర మురుకులు తిననివాళ్ళెవరు? కొత్తావిడ తమిళావిడ అయితే మరీ మంచిది, ఆలోచించే పనే లేదు.

కుదురుతుందా, పెట్టుకున్న పిలుపు అంటుకుంటుందా అని సందేహపడకండి. మన మద్రాసు రేడియోలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఈ కేంద్రం 1938లో మొదలయింది. ఇక్కడి నుంచి తెలుగు పిల్లలకు కార్యక్రమాలు చేసిన ఇద్దరిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవారు. న్యాయపతి రాఘవరావుగారు, న్యాయపతి కామేశ్వరిగారు. 1945లో మద్రాసు నుంచే ‘బాల’ అనే పిల్లల పత్రిక కూడా తీసుకొచ్చారు. ఒకాయన అన్నయ్య, ఒకావిడ అక్కయ్య. ఇద్దరూ భార్యాభర్తలు! వరస ప్రకారం చూస్తే అన్నయ్య భార్య వదిన అవ్వాలి. ఏ పిల్లాడూ అడగలేదు. ఊళ్ళ నిండా ఉన్న పిల్లలకు ఆయన అన్నయ్యే, ఆవిడ అక్కయ్యే. పెద్దలు సంకోచం లేకుండా ఒక మాట వాడితే పిల్లలు లెక్కలు వెయ్యరు. పెద్దలు తడబడితేనే పిల్లలు ఆగి మన మొహం చూస్తారు.

ఆ తడబాటు ఎక్కడ బయటపడుతుందో చెప్పనా? ఆవిడ గదిలో లేనప్పుడు. ఎదురుగా ‘పిన్నిగారూ’ అంటాం. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించి ‘ఆవిడేమంది?’ అంటాం. ఫోన్లో చెల్లెలితో ‘నాన్నగారి భార్య’ అంటాం. పిల్లలు అక్కడే హోమ్‌వర్క్ చేసుకుంటూ ఉంటారు. తల ఎత్తరు. అన్నీ వింటారు. మనం నేర్పిన ‘చిన్న బామ్మ’ వాళ్ళు నేర్చుకోరు, మనం నేర్పని ‘ఆవిడ’ నేర్చుకుంటారు. అందుకని ఎదురుగా ఏ మాటో, చాటున కూడా అదే మాట. ఇంటికి చుట్టాలొస్తే పరిచయం చేసేటప్పుడూ అదే మాట. బడిలో తాతలూ బామ్మలూ రావాలన్న రోజున టీచరుకు చెప్పేటప్పుడూ అదే మాట. ‘సవతి’ అన్న మాట మాత్రం పిల్లల ముందు ఎత్తకండి. బాలనాగమ్మ కథ దగ్గర నుంచి మనం ఆ మాటకు అంటించిన మసి అంతా ఇంతా కాదు. 1942లో జెమినీవాళ్ళు ఈ ఊళ్ళోనే ఆ కథను సినిమాగా తీశారు కూడా. కథ కథే. మన ఇంటికొచ్చిన ఆవిడకు దాంతో పనేమిటి?

ఇంకో మాట ఉంది. పైకి ఎవరూ అనరు, లోపల చాలామందికి ఉంటుంది. ‘బామ్మ, నాయనమ్మ అని పిలిపిస్తే రేపు ఆస్తిలో వాటా అడగదా?’ అన్న భయం. ఈ భయమే చాలా ఇళ్ళలో పిలుపును మింగేస్తోంది. కాబట్టి సూటిగా చెబుతాను. పిలుపుతో వాటా రాదు. పిలవకపోతే వాటా పోదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, పెద్దాయన వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత ఆస్తిలో పిల్లలతో పాటు భార్యకూ భాగం ఉంటుంది. ఆవిడను మీరు ఆంటీ అన్నా ఉంటుంది, అమ్మా అన్నా ఉంటుంది. ఎవరికేం ఇవ్వాలన్నది పెద్దాయన బతికుండగా, బుద్ధి బాగున్నప్పుడు, వీలునామాలో రాసుకోవలసిన సంగతి. అది కాగితం మీద తేల్చుకోండి, పిల్లల నాలుక మీద కాదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం చూడండి. తల్లిదండ్రులు అన్న మాటకు అర్థం చెబుతూ అందులో మారుటి తల్లిని కూడా చేర్చారు. ప్రభుత్వం కలిపిన వరస మనం కలపలేమా?

ఇప్పటిదాకా మన వైపు నుంచే మాట్లాడాను. ఆవిడను అడిగామా? ఇది చాలామంది మరిచిపోతారు. ఆవిడకు సొంత మనవలుంటే, ‘అమ్మమ్మా’ అన్న పిలుపు వాళ్ళకే ఉంచుకోవాలని ఉండవచ్చు. పిల్లలే పుట్టని మనిషైతే, జీవితంలో ఒక్కసారైనా ఎవరైనా బామ్మా అంటే వినాలని ఉండవచ్చు. రెండూ న్యాయమే. అడిగితే మొదట ‘మీ ఇష్టం’ అంటారు. మనవాళ్ళు ఎవరైనా అంతే అంటారు. అక్కడితో వదిలెయ్యకండి. ‘మీ ఊళ్ళో పిల్లలు ఏమంటారండీ?’ అని అడగండి. అప్పుడు చెబుతారు.

ఎంత చేసినా కొడుకు నోరు పెగలకపోతే? బలవంతపెట్టకండి. తెలుగులో ఒక సౌకర్యముంది. పిలుపు లేకుండానే మర్యాదగా మాట్లాడవచ్చు. ‘భోజనానికి రండి’, ‘మాత్ర వేసుకున్నారా?’, ‘నేను బయల్దేరుతానండీ’. ఆ ‘అండీ’ కొన్నాళ్ళు ఇల్లు నడుపుతుంది. కొన్నాళ్ళేనండోయ్, ఏళ్ళు కాదు. ఏళ్ళు గడిస్తే ఆ ‘అండీ’యే గోడ అయిపోతుంది.

పిల్లల విషయంలో ఇంకొకటి కనిపెట్టి ఉండండి. సొంత బామ్మను ‘నువ్వు’ అనే పిల్లలు కొత్తావిడను ‘మీరు’ అంటారు. మొదట అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. ఒక రోజు హఠాత్తుగా ‘అవ్వా, నువ్వు నాతో క్యారమ్స్ ఆడవా?’ అంటాడు మనవడు. వెంటనే మనం వంటింట్లోంచి కేకేస్తాం, ‘నువ్వేమిట్రా, మీరు అను’ అని. దయచేసి ఆ కేక వెయ్యకండి. వాడు మర్యాద తప్పలేదు. ఆవిడ వాడికి ఇంటి మనిషి అయిపోయింది, మనకంటే ముందుగా.

మీ ఇంట్లో కూడా ఇలాంటి శుభకార్యం అనుకుంటున్నారా? పెద్ద వయసు పెళ్ళిళ్ళలో చాలామంది రిజిస్టరు పెళ్ళే కోరుకుంటారు. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. ఆ 30 రోజుల్లో చీరలు కొంటారు, భోజనాలు చెబుతారు. దాంతో పాటు ఒక్క ఫోన్ కూడా చెయ్యండి. ‘నేను మిమ్మల్ని పిన్ని అనవచ్చా? మా పిల్లలు మిమ్మల్ని ఏమని పిలిస్తే మీకు బాగుంటుంది?’ అని ఆవిడనే అడగండి. పెళ్ళినాటికి పిల్లల నోట్లో మాట సిద్ధంగా ఉంటుంది.